ఆదరణ, అనాదరణ: లక్ష్మీబాయి తిలక్ ‘స్మృతిచిత్రే’

తెలుగు క్రైస్తవుల వాడుకలో ‘ఆదరణ’ అనే మాటకు ఒక ప్రత్యేకార్థం ఉన్నది. లోకవ్యవహారంలో ఆదరణ అంటే మన్నన, ఆప్యాయతతో చేరదీయడం. తెలుగు బైబిలును తీర్చిన అనువాదకులు ఈ మాటనే దుఃఖోపశమనానికి, ఓదార్పునకు వాడారు. పరిశుద్ధాత్మను ‘ఆదరణకర్త’ అన్నారు. ఈ రెండు అర్థాలు ఒక్క మాటలో కలిసిపోవడం యాదృచ్ఛికమే కావచ్చు. కాని ఆ కలయికలో ఒక సత్యం దాగి ఉన్నది. ఓదార్పు కోరే మనిషికి కన్నీరు తుడిచే చేయి ఒక్కటే చాలదు. తననొక మనిషిగా లెక్కలోకి తీసుకొనే చూపు కూడా కావాలి. దుఃఖానికి విరుగుడు ఓదార్పు అయితే, అనాదరణకు విరుగుడు ఆదరణ. ఒకదానికి బదులు మరొకటి ఇవ్వజూస్తే రోగం ఒకటి, మందు ఒకటి అవుతుంది.

ఈ భేదం ఎక్కువగా తెలియవలసింది నడివయసు స్త్రీని ఉద్దేశించి వ్రాసే రచయితకు. కన్యగా ఉన్ననాడు లోకం ఆమెను చూస్తుంది. చంటిబిడ్డ తల్లిగా ఉన్ననాడు కొనియాడుతుంది. ముదుసలి అయిన పిమ్మట, అదృష్టవంతురాలైతే, గౌరవిస్తుంది. నడుమనున్న ఇరవై ముప్పై సంవత్సరాలలో ఆమె ఇంటికి దూలం వంటిది. బరువంతా దానిమీదనే ఉంటుంది, తలెత్తి దాన్ని చూసేవారు మాత్రం ఉండరు. సాహిత్యం కూడా ఈ విషయంలో లోకాన్నే అనుసరించింది. కావ్యనాయికకు పదహారేండ్లు దాటవు. పురాణాలలో ఆమె ఎవరో ఒకరి తల్లి. ఆధునిక కథలో సైతం నలభైకీ అరవైకీ మధ్యనున్న స్త్రీ చాలాకాలం అత్తగారిగానో, పొరుగింటి పిన్నిగారిగానో వచ్చిపోయింది తప్ప, కథకు తానే కేంద్రమై నిలిచిన సందర్భాలు తక్కువ.

అటువంటి స్త్రీలకు ధైర్యం చెప్పే బాధ్యతను క్రైస్తవ ఉపదేశ సాహిత్యం ఏనాడో నెత్తికెత్తుకొన్నది. ప్రసంగాలు, ప్రార్థనా పుస్తకాలు, చిన్న చిన్న కరపత్రాలు ఎన్నో వెలువడ్డాయి. వాటి ఉద్దేశాన్ని శంకించనక్కరలేదు. కాని సాహిత్య దృష్టితో చూస్తే వాటిలో మూడు లోపాలు తరచుగా కనిపిస్తాయి. మొదటిది తొందర. గాయాన్ని పూర్తిగా చూడకమునుపే కట్టు కట్టడం, దుఃఖం ఒక వాక్యంలోను దాని ఫలితం తరువాతి వాక్యంలోను రావడం. రెండవది మౌనం. ఓర్చుకొమ్మని ఆమెకు చెప్పే రచయిత, ఆమెను చూడక తప్పించుకొన్నవారిని ఒక్క ప్రశ్నా అడగడు. మూడవది, అన్నింటికంటె ముఖ్యమైనది, అందులో మనిషి లేకపోవడం. ఆ స్త్రీకి పేరు లేదు, ఊరు లేదు, వంటిల్లు లేదు. లెక్కలోకి రాని స్త్రీకి ధైర్యం చెప్పబోయి, ఆ రచన మరొకసారి ఆమెను లెక్కలోకి తీసుకోకుండానే ముగుస్తుంది.

మూలగ్రంథమైన బైబిలు మార్గం ఇది కాదు. ఆదికాండంలోని హాగరు ఒక దాసి. యజమానురాలి కాఠిన్యానికి ఓర్వలేక ఎడారికి పారిపోయి నీటి ఊట వద్ద నిలిచినప్పుడు దేవదూత ఆమెను పేరు పెట్టి పిలుస్తాడు. ఆ సన్నివేశం ముగిసేసరికి దేవునికి పేరు పెట్టింది ఆమె. తనను చూసేవాడనే అర్థం వచ్చే పేరు. రూతు గ్రంథంలో నయోమి భర్తను, ఇద్దరు కొడుకులను పోగొట్టుకొని బేత్లెహేముకు తిరిగి వస్తుంది. తన పేరులోని మాధుర్యం ఇక తనకు చెల్లదనీ, చేదును సూచించే పేరుతో పిలవండనీ ఊరి స్త్రీలతో అంటుంది. ఆ చేదును గ్రంథకర్త మందలించలేదు. లూకా సువార్తలో పదునెనిమిదేండ్లుగా నడుము వంగిపోయిన స్త్రీ స్వస్థతను అడగనైనా అడగదు. ప్రార్థనా మందిరంలో క్రీస్తు తానే ఆమెను చూసి పిలుస్తాడు. ఈ కథలలో ఉపదేశం కంటె ముందుగా చూపు వస్తుంది. మనిషి ముందు కనబడుతుంది. మాట తరువాత వినబడుతుంది.

ఈ మార్గాన్ని భారతీయ భాషలలో అనుసరించిన గ్రంథాలలో మరాఠీ రచయిత్రి లక్ష్మీబాయి తిలక్ ఆత్మకథ ‘స్మృతిచిత్రే’ అగ్రగణ్యమైనది. ఆమె ఏ స్త్రీకీ ధైర్యం చెప్పడానికి ఈ గ్రంథం వ్రాయలేదు. అందువల్లనే కావచ్చు, అది చెప్పే ధైర్యం ఇంతకాలం నిలిచింది. 1934 నుండి భాగాలుగా ఈ గ్రంథం వెలువడనారంభించేనాటికి ఆమెకు 66 ఏండ్లు. పాఠశాల మెట్లు ఎక్కినవారు కారు. అక్షరాలు నేర్పినది భర్తయే. 1936లో ఆమె మరణించారు; చివరి భాగం ఆ తరువాత వెలువడింది. మరాఠీ ఆత్మకథా సాహిత్యంలో దీనికున్న స్థానాన్ని నేటికీ ఎవరూ ప్రశ్నించలేదు.

ఆమె భర్త నారాయణ వామన తిలక్. లోకమాన్యుడు వేరు, ఈయన వేరు. 1861లో రత్నగిరి ప్రాంతంలో జన్మించిన ఈ కవి పువ్వుల మీద, పిల్లల మీద వ్రాసిన గీతాలతో మరాఠీ హృదయాన్ని చూరగొన్నారు. 1893లో నాగపూరు నుండి రాజనందగాం వెళ్లే రైలులో ఒక తెల్లవాడు ఆయనకు బైబిలు చేతికిచ్చి, రెండేండ్లలో నీవు క్రైస్తవుడవవుతావని చెప్పాడట. 1895 ఫిబ్రవరి 10న బొంబాయిలో తిలక్ బాప్తిస్మం పొందారు. తుకారాం అనే వంతెన మీదుగా క్రీస్తును చేరుకొన్నానని చెప్పుకొన్న ఆయన, అభంగాలకు, కీర్తనకు క్రైస్తవ భక్తిలో చోటు కల్పించారు. ఆయన చరిత్రను మతపరివర్తన చరిత్రగా, కవి చరిత్రగా అనేకులు వ్రాశారు. ఆ చరిత్రలన్నింటిలోను లక్ష్మీబాయి ఒక పాత్ర. ‘స్మృతిచిత్రే’లో తిలక్ ఒక పాత్ర. గ్రంథం మహత్త్వమంతా ఈ తారుమారులోనే ఉన్నదని చెప్పినా తప్పులేదు.

ఆమె 1868లో నాసిక్ సమీపాన ఒక చిత్పావన బ్రాహ్మణ కుటుంబంలో జన్మించారు. తల్లివైపు తాతకు 1857 తిరుగుబాటు సందర్భంలో ఉరిశిక్ష పడింది. ఆ దెబ్బతో తండ్రికి మడి ఒక వ్యాధిగా పట్టుకొన్నది. ఇంటికి వచ్చిన ప్రతి వస్తువునూ కడగవలసిందే. ఆ కడుగుడు భారమంతా ఇంటి ఆడవారి మీదనే పడింది. ఈ బాల్యాన్ని లక్ష్మీబాయి వర్ణించే తీరు గమనింపదగినది. తండ్రిని ఆమె నిందించలేదు, సమర్థించనూ లేదు. ఒక వింత పక్షిని పిల్లలు చూసినట్లు చూశారు. నవ్వు వస్తుంది, ఆ నవ్వు అడుగున నీళ్లు మోసి మోసి కాయలు కాచిన చేతులు కనిపిస్తాయి. ఈ హాస్యమే గ్రంథం పొడుగునా ఆమెకు ఆయుధం.

11 ఏండ్ల ప్రాయంలో వివాహం. భర్త ప్రతిభావంతుడు, కోపిష్ఠి, దాత, నిలకడలేనివాడు. చెప్పకుండా ఇల్లు విడిచి వెళ్లడం, ఎప్పుడో తిరిగి రావడం ఆయనకు పరిపాటి. చేతిలో ఉన్నది ఎవరికి తోస్తే వారికి ఇచ్చివేసే ఉదారత ఆయనది. రేపటి పొయ్యి సంగతి ఆలోచించే పని ఆమెది. కవి ఔదార్యాన్ని లోకం కీర్తిస్తుంది. ఆ ఔదార్యానికి మూల్యం చెల్లించిన ఇల్లాలిని మాత్రం చరిత్ర ‘సహధర్మచారిణి’ అనే ఒక్క మాటతో సరిపెడుతుంది. ‘స్మృతిచిత్రే’ ఆ ఒక్క మాటను విప్పి నాలుగు భాగాల గ్రంథం చేసింది.

1895లో భర్త క్రైస్తవుడైనాడన్న వార్త బంధువుల ఇంట ఉన్న ఆమెకు పిడుగువలె తాకింది. ఆమెకప్పుడు 26 ఏండ్లు. చేతిలో చిన్న బిడ్డ దత్తు. అంత పెద్ద నిర్ణయంలో ఆమె సమ్మతికి చోటు లేకపోయింది. భర్త బ్రతికి ఉండగా భర్త లేనిదై, సుమంగళి అయి ఉండి లోకం దృష్టిలో సుమంగళి కాక, కొన్ని సంవత్సరాలు ఆమె తనవారి ఇండ్లలో గడిపారు. పండరిపురంలోనూ కొంతకాలం ఉన్నారు. ఉపదేశ రచయిత అయితే ఈ ఘట్టాన్ని రెండు పేజీలలో దాటి, రానున్న వెలుగు వైపు పరుగెత్తేవాడు. లక్ష్మీబాయి పరుగెత్తలేదు. ఆ కన్నీరు, ఆ పిచ్చి ఆవేదన, జాలిపడే చుట్టాల మాటలు, జాలి మాటున దాగిన కుతూహలం, అన్నీ ఉన్నవి ఉన్నట్లు చెప్పారు. తన దుఃఖంలోని హాస్యాస్పదమైన అంశాలను కూడా దాచలేదు. క్రైస్తవురాలిగా వ్రాస్తూ, క్రైస్తవ మతం తనకు ఒకనాడు ఎంతటి శత్రువుగా కనిపించిందో ఇంత నిజాయితీతో చెప్పడం సామాన్యమైన విషయం కాదు.

తరువాతి ఘట్టం ఇంకా సూక్ష్మమైనది. ఆమె భర్త వద్దకు తిరిగి వెళ్లారు గాని ఆయన మతంలోకి వెంటనే వెళ్లలేదు. తన వంట, తన నీళ్లు వేరుగా ఉంచుకొన్నారు. ఒకే సంసారంలో రెండు పొయ్యిలు. మార్పు ఏ ప్రసంగం వల్లనూ రాలేదు. కులం దేవుడు చేసిందా, మనిషి చేసిందా అన్న ప్రశ్న ఆమె మనస్సులోనే పుట్టింది. సమాధానం కూడా అక్కడే దొరికింది. మనిషి చేసిన గోడ అని తెలిసిన మరుక్షణం ఎవరిచేతి నీరైనా త్రాగడానికి ఆమె నిశ్చయించుకొన్నారు. బాప్తిస్మం ఆ తరువాత, 1900లో. అంటే నమ్మకానికి ముందు నీళ్లచెంబు వచ్చింది. నీళ్లు కడిగీ కడిగీ గడిచిన బాల్యానికి ఇది జవాబు. ఈ రెండు చిత్రాలను కలిపి చూపే వ్యాఖ్య ఒక్కటీ ఆమె చేయలేదు. ఆ పని పాఠకునికి వదిలిపెట్టారు. పాఠకుని తెలివిని ఇంతగా గౌరవించడం కూడా ఆదరణయే.

ఇక్కడ ఒక ఆక్షేపణకు తావున్నది. చివరకు భార్య భర్త దారినే పట్టింది కదా, ఇందులో ఆమె స్వాతంత్ర్యమేమున్నదని కొందరు అడగవచ్చు. గమ్యం ఒక్కటే అయినా నడక వేరని గ్రంథమే సమాధానమిస్తున్నది. తిలక్ పుస్తకాల ద్వారా, వాదాల ద్వారా, కవితావేశం ద్వారా వెళ్లారు. లక్ష్మీబాయి వంటింటి గుండా వెళ్లారు. ఆయనకు మతం మారిన తరువాత కులాన్ని విడిచే సమస్య వచ్చింది. ఆమె కులాన్ని విడిచిన తరువాత మతం మారారు. భర్త ఆమె కోసం నిర్ణయించినది ఏదీ ఇక్కడ లేదు.

క్రైస్తవ సమాజంలోనూ ఆమెకు దక్కినది ప్రధానంగా పనియే. అహమదునగరు, రాహురి ప్రాంతాలలో ప్లేగు రోగులకు సేవ, ఇంటికి చేర్చుకొన్న అనాథల పెంపకం, వేళ తప్పి వచ్చే అతిథులకు అన్నం. బాలకవి అన్న పేరుతో మరాఠీ సాహిత్యంలో ప్రసిద్ధుడైన త్ర్యంబక బాపూజీ ఠోంబరే వారి ఇంట కొంతకాలం బిడ్డవలె పెరిగాడు. 1890లో పుట్టి 1918లో రైలు ప్రమాదంలో అకాల మరణం పాలైన ఆ కవిని గురించి విమర్శకులు ఎంతో వ్రాశారు. అతనికి అన్నం పెట్టి, అలిగితే బుజ్జగించిన చేయి ఏదో ‘స్మృతిచిత్రే’ లేకుంటే తెలిసేది కాదు. సాహిత్య చరిత్ర కవులను లెక్కిస్తుంది, ఇండ్లను లెక్కించదు. కవులు మాత్రం ఇండ్లలోనే బ్రతుకుతారు.

రచనాశైలి విషయంలో ఒక్క అంశాన్ని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఆమె భర్తను గ్రంథమంతటా ‘తిలక్’ అనే పేర్కొన్నారు. ఆ కాలపు మహారాష్ట్ర స్త్రీ భర్త పేరు నోట పలికేది కాదు. ఇంటిపేరు వాడడం ఆ నియమాన్ని మీరకుండానే మీరిన ఉపాయం. క్రియ మాత్రం గౌరవ బహువచనం. అంటే భర్త తెలివితక్కువ పని చేసిన సందర్భంలో కూడా వ్యాకరణం ఆయనకు నమస్కరిస్తూనే ఉంటుంది. చెప్పే విషయానికీ చెప్పే మర్యాదకూ ఉన్న ఈ దూరంలోనే ఆమె హాస్యం పుట్టింది. తెలుగులో ‘తిలక్ అన్నాడు’ అని అనువదిస్తే కోపం ధ్వనిస్తుంది. ‘మావారు అన్నారు’ అంటే వినయం మిగిలి హాస్యం పోతుంది. ‘తిలక్ అన్నారు’ అనడమే సరియైన మార్గం. ఆ పొడిమర్యాదలో ఒక ఇల్లాలి కంటిచివరి నవ్వు తెలుగు పాఠకునికీ అందుతుంది.

తెలుగు అనువాదకునికి మరొక చిక్కు ఉన్నది. తెలుగు వ్యాకరణం ఏకవచనంలో స్త్రీని అమహత్తులతో కలిపింది. ‘ఆమె వచ్చింది, బండి వచ్చింది’ అన్నప్పుడు క్రియకు తేడా లేదు. బహువచనంలో, గౌరవార్థంలో మాత్రమే ఆమె పురుషునితో సమానమైన క్రియను పొందుతుంది. మరాఠీలో ఈ ఇబ్బంది లేదు; స్త్రీకి క్రియలో వేరు రూపమున్నది. లెక్కలోకి రాని స్త్రీని గురించిన గ్రంథాన్ని అనువదించేవాడు ప్రతి వాక్యం చివర ఈ ప్రశ్నను ఎదుర్కోవలసి ఉంటుంది. అయితే తెలుగుకు ఉన్న సౌకర్యాలూ తక్కువ కావు. మరాఠీ ‘సోవళే’కు ఆంగ్లంలో ఎన్ని మాటలు వాడినా తృప్తి ఉండదు, తెలుగులో ‘మడి’ అంటే చాలు, తడిబట్ట చలి కూడా తెలిసిపోతుంది. ఆడబిడ్డ, తోడికోడలు, వదినగారు, అందరూ తమ తమ స్థానాలలో వచ్చి కూర్చుంటారు.

ఆంగ్లానువాదాల శీర్షికలు ఈ సందర్భంలో పరిశీలించదగినవి. జోసఫీన్ ఇంక్‌స్టర్ 1950లో చేసిన అనువాదానికి ‘ఐ ఫాలో ఆఫ్టర్’ అని పేరు. అది పౌలు లేఖనుండి తీసుకొన్న మాట. గురిని వెంబడించి సాగే భక్తుని మాట. కాని ఒక భార్య ఆత్మకథ మీద ఆ పేరు ఉంచగానే వెంబడించింది దేవునినా, భర్తనా అన్న సందేహం కలుగుతుంది. 2017లో శాంతా గోఖలే సమగ్రంగా అనువదించినప్పుడు మూలంలోని పేరును నిలుపుకొన్నారు. ఉపశీర్షికలో మాత్రం ఉత్సాహవతియైన ‘భార్య’ అన్న మాట చేరింది. మరాఠీ శీర్షికలో భర్త లేడు, భార్యా లేదు. జ్ఞాపకాల చిత్రాలు మాత్రమే ఉన్నాయి. చూసినది ఆమె, గీసినది ఆమె. జీవితమంతా ఎవరూ చూడని మనిషి, చివరకు చూసే మనిషిగా మారడమే ఆ పేరులోని అర్థం. దానిని పోగొట్టుకోకుండా చూసుకోవడం ఏ భాషలోనైనా అనువాదకుని మొదటి విధి.

1917లో తిలక్ మిషన్ కొలువును వదలి, బాప్తిస్మం పొందినవారికీ పొందనివారికీ చోటుండే ‘దేవుని దర్బారు’ను సంకల్పించారు. 1919 మే 9న కన్నుమూశారు. అప్పటికి లక్ష్మీబాయికి 51 నిండలేదు. ఆనాటి లెక్కలో స్త్రీ జీవితం అక్కడితో ముగిసినట్లే. ఆమె మాత్రం బొంబాయిలో బాలికల వసతిగృహానికి పర్యవేక్షకురాలిగా పనికి కుదిరారు. తరువాత కుమారునితో కరాచీ వెళ్లారు. ఆత్మకథలోని ఈ భాగాలలో భర్త లేడు, హాస్యం తగ్గలేదు. కొత్త ఊరు, తెలియని భాష, పరాయి మనుషులు, అన్నింటినీ బాల్యంలో తండ్రిని చూసిన ఆ కుతూహలంతోనే ఆమె చూశారు.

ఆమె మరొక కార్యం ‘క్రిస్తాయన్’. క్రీస్తు జీవితాన్ని ఓవీ ఛందస్సులో మహాకావ్యంగా వ్రాయ సంకల్పించిన తిలక్ పది అధ్యాయాలు మాత్రం చేసి వెళ్లారు. మిగిలిన 64 అధ్యాయాలను లక్ష్మీబాయి పూర్తిచేశారు. ఆమె మరణానంతరం 1938లో ఆ కావ్యం వెలువడింది. పది ఎక్కడ, అరువదినాలుగు ఎక్కడ? అయినా ‘తిలక్ కావ్యాన్ని భార్య పూర్తిచేసింది’ అనే వాక్యంలోనే చరిత్ర ఆమెను ఇముడ్చుతుంది. ఆంధ్ర మహాభారతాన్ని పదునైదు పర్వాలు రచించిన తిక్కనను నన్నయ గ్రంథాన్ని పూర్తిచేసినవాడని మాత్రమే ఎవరూ అనరు. ఈ పోలిక కవిత్వ పరిమాణాలలో కాదు, లెక్కగట్టే తీరులో. తన కావ్యానికి ఆమె గట్టి హక్కు అడగలేదు; అడగకపోవడం లోకానికి సౌకర్యమైంది.

భారతీయ భాషలలో ఇటువంటి స్త్రీల ఆత్మకథలతో పోల్చి చూస్తే ‘స్మృతిచిత్రే’ విశిష్టత మరింత స్పష్టమవుతుంది. వంగదేశపు రాససుందరీ దేవి వంటింట రహస్యంగా ‘చైతన్య భాగవతం’ పుట దాచుకొని చదువు నేర్చి, వార్ధక్యంలో ‘ఆమార్ జీబన్’ వ్రాసింది. అందులో భగవంతునితో ఏకాంతమున్నది. ఇంటి జనం నీడలుగా ఉంటారు. రమాబాయి రానడే 1910లో ప్రకటించిన జ్ఞాపకాలలో మహాదేవ గోవింద రానడే మూర్తి నిండుగా ఉంటుంది. ఆమె స్వయంగా ఆ మూర్తికి పక్కన ఒదిగి నిలుచుంటారు. లక్ష్మీబాయి గ్రంథంలో దేవుడున్నాడు, భర్త ఉన్నాడు. వారిద్దరి మధ్య తానూ ఉన్నారు, తన పూర్తి ఎత్తున.

తెలుగువారికి ఈ సందర్భంలో రాజ్యలక్ష్మమ్మగారు స్ఫురిస్తారు. వీరేశలింగంగారి వితంతు వివాహాల కాలంలో వంటవారు, నీళ్లు తెచ్చేవారు మానివేస్తే, ఆమె స్వయంగా వండి, గోదావరి నుండి నీళ్లు మోసి, ఆశ్రయం కోరి వచ్చిన బాలవితంతువులను కన్నబిడ్డలవలె సాకారు. ఆ సంగతి లోకానికి తెలిసినదే. కాని 1910లో మరణించిన ఆమెను నేటికీ భర్త చరిత్ర ద్వారానే తెలుసుకోవలసి ఉన్నది. ఆ బిందె బరువు ఎంతో, ఆ దారిలో విన్న మాటలెట్టివో ఆమె చెప్పలేదు. చెప్పమని అడిగినవారు లేరు. తెలుగులో ‘స్మృతిచిత్రే’ వంటి గ్రంథం పుట్టకపోవడానికి తెలుగు ఇండ్లలో అట్టి జీవితాలు లేకపోవడం కారణం కాదు.

లక్ష్మీబాయి గ్రంథంలో లోపాలు లేకపోలేదు. సంఘటనల వరుసలో కాలక్రమం కొన్నిచోట్ల అస్పష్టం. ఉత్తరభాగంలో చిన్న విషయాలు పెద్ద చోటు ఆక్రమిస్తాయి. అంతకంటె ముఖ్యంగా, భర్త చేసిన అన్యాయాలను చెప్పిన ప్రతిసారీ వెంటనే ఆయన మంచిమనసును గుర్తుచేయడం ఆమె అలవాటు. నేటి పాఠకురాలికి ఇది కొంత అసహనం కలిగించవచ్చు. క్షమ ఎంతవరకు, సర్దుబాటు ఎంతవరకు అన్న ప్రశ్న గ్రంథం తేల్చదు. అయినా ఆమె దాచిపెట్టి క్షమించలేదు, చెప్పి క్షమించారు. ఉపదేశ సాహిత్యం బోధించే ఓర్పుకూ ఈ క్షమకూ ఉన్న భేదమంతా అదే. మొదటిది అపరాధానికి ముసుగు వేస్తుంది. రెండవది దానిని నడివీధిలో నిలబెట్టి, ఆ తరువాత చేయి పట్టుకొని ఇంటికి తీసుకొని వస్తుంది.

క్రైస్తవ విశ్వాసం తెలుగు సాహిత్యానికి ఉత్తమ కావ్యాలనే ఇచ్చింది. జాషువ ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానం లభించింది. అనాదృతుల వేదనను పద్యంలో నిలిపిన మహాకవి ఆయన. ఆ వేదన వచనంలో, ఒక ఇల్లాలి గొంతుతో, వంటింటి పొగతో సహా రావలసి ఉన్నది. తెలుగు ప్రాంతాల పల్లెలలో బైబిలు స్త్రీలుగా ఇల్లిల్లూ తిరిగినవారు, మిషన్ బడులలో, ఆస్పత్రులలో జీవితాలు గడిపిన ఉపాధ్యాయినులు, దాదులు ఎందరో. వారి పేరిట వెలువడినవి ఎక్కువగా నివేదికలు, స్మారక ప్రసంగాలు. వాటిలో త్యాగమున్నది, మనిషి లేదు. వారి పూర్తి మాట వినడానికి కావలసినది గొప్ప శైలి కాదు. తొందరపడి ఓదార్చకుండా చివరివరకు వినే ఓపిక.

నడివయసు స్త్రీకి ధైర్యం చెప్పదలచిన రచయితకు ‘స్మృతిచిత్రే’ నేర్పే పాఠం చిన్నది. నిన్ను దేవుడు చూస్తున్నాడని ఆమెతో అనడం సులభం. ఆ మాట అబద్ధమని ఏ భక్తుడూ అనడు. కాని ఆ మాట అనే మనిషి ముందు తాను ఆమెను చూశాడా అన్నది ప్రశ్న. లక్ష్మీబాయి తన 66వ ఏట ఎవరి చూపు కోసమూ ఎదురుచూడక, కలం చేతబట్టి, తన జీవితాన్ని తానే ఒకసారి నిదానంగా చూసుకొన్నారు. ఆ చూపులో కోపం కరిగింది, నవ్వు మిగిలింది, నిజం చెక్కుచెదరలేదు. ఆమె పుస్తకం మూసిన పాఠకుడు తన ఇంటి వంటగది వైపు ఒకసారి తలతిప్పి చూస్తాడు. అనాదరణకు ఆదరణ అక్కడ మొదలవుతుంది.